ఆట పోయేదాకా

సదానందానికి యాభై ఏడేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు ఒకే మిషన్ మీద కూర్చున్నాడు.

మరాఠీ గడ్డ మీద, చంద్రపూర్ దగ్గర పద్మాపూర్ దారిలో ఒక శేఠ్‌ది బొగ్గు డిపో ఉంది. గనుల నుంచి వచ్చిన బొగ్గును అక్కడ కుప్పలు పోసి, మళ్లీ లారీలకు ఎత్తుతారు. ఎత్తేది ఒక పాత లోడర్. దాని అసలు రంగు ఏమిటో శేఠ్‌కి కూడా గుర్తు లేదు. సీటులో స్పాంజి పోయి గోనెసంచులు వచ్చాయి, సైలెన్సర్ ఊడిపోయి మూడేళ్లయింది. అయినా సదానందం ఎక్కితే చెప్పినట్టు వింటుంది. వేరేవాడు ఎక్కాడా, బురదలో పడుకున్న దున్నపోతే.

దాని మొండితనానికి కారణం గేర్లు. ఒకప్పుడు సొంత గేరు డబ్బా పగిలిపోతే, శేఠ్ ఘుగ్గుస్ పాతసామాను దుకాణంలో ఇంకేదో మిషన్‌ది కొనుక్కొచ్చి పెట్టించాడు. మెకానిక్ రాడ్డు వంచి, అతికించి, ఎలాగో నడిపించాడు గానీ గేర్ల చోట్లు తారుమారయ్యాయి. లోకంలో అన్ని బండ్లకూ మొదటి గేరు ఉండే చోట దీనికి రివర్స్. రెండోది ఉండాల్సిన చోట మొదటిది. కుడివైపు పైన మూడోది, కింద రెండోది. ఇది డిపోలో ఒక్క సదానందం చేతికే తెలుసు. తలకు కూడా కాదు, చేతికి.

ఇరవై రెండేళ్లు గుంతల్లో ఎగిరెగిరి అతని నడుము అరిగిపోయింది. ఎడమ కాలు, అంటే క్లచ్ తొక్కే కాలు, మోకాలి కింద నుంచి తిమ్మిరెక్కి ఉంటోంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. చంద్రపూర్‌లో డాక్టరు ఫొటో తీయించి, వెలుగుకు పెట్టి చూపించి, మిషన్ దిగమన్నాడు. ఈ వానాకాలం దాటేలోపు నీ అంతట నువ్వు దిగకపోతే, ఆ తర్వాత నలుగురు కలిసి దించాల్సి వస్తుందని కూడా అన్నాడు.

దిగి ఎక్కడ కూర్చోవాలో సదానందానికి తెలుసు. డిపో గేటు పక్కన లారీలు తూచే కాంటా ఉంది. దానికో రేకుల గది. గదిలో ఒక టేబులు, ఒక ఫ్యాను, ఒక తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో ఇన్నాళ్లూ కూర్చున్న పోశన్న, చూపు ఆనకపోవడంతో పోయిన నెల మానేశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. సదానందానికి ఆ కుర్చీ కావాలి. ఈ భూమ్మీద అతను కోరిన పెద్ద కోరిక ఇప్పటికి అదొక్కటే.

శేఠ్ కాదనలేదు. మిషన్ మీద ఇంకొకడిని తయారు చేయి, కుర్చీ నీదే అన్నాడు. ఇంకొకడు తయారు కాకుండా ఇన్నేళ్లూ అడ్డుపడింది ఎవరో శేఠ్ అడగలేదు. సదానందమూ చెప్పలేదు.

చెప్పాలంటే పదకొండేళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో గేరు రాడ్డు మీద ఉన్న ఇనుప గుండు మీద మెకానిక్ గీతలు చెక్కి ఉంచాడు, ఏ గేరు ఎటో తెలిసేలా. ఒకరోజు శేఠ్ ఒక కొత్త ఆపరేటరును తెచ్చి ఎక్కించాడు. వాడు గుండు మీది గీతలు చూసుకుంటూ గంటలో మిషన్‌ను డిపో అంతా తిప్పాడు. సదానందానికి తన పని పోయినట్టే అనిపించింది. తండ్రి రాజలింగు మంథని దిక్కు నుంచి వచ్చి దుర్గాపూర్ గనిలో దిగినవాడే గానీ, కొడుక్కి ఆ గని దక్కలేదు. చేతిలో ఉన్నది ఈ మిషన్ ఒక్కటే. అందుకని ఆ సాయంత్రం అందరూ వెళ్లాక గుండు విప్పి, షెడ్డులో ఆకురాయి తీసుకుని, గీతలన్నీ అరగదీశాడు. కొత్త మెరుపు కనపడకుండా కాలిన ఆయిల్ పూశాడు. మర్నాడు ఆ కొత్తవాడు రివర్స్‌లో పోయి గోడకు గుద్ది, మూడో రోజు కనిపించకుండా పోయాడు.

ఆ రోజు సదానందం ఇంటికి కోడిని తెచ్చాడు. సంగతి విన్న భార్య సాయమ్మ కూర అయితే వండింది గానీ మెచ్చుకోలేదు.

"తాళమేసి చెవి మింగినవ్," అంది. "రేపు నీకే బయటికి పోవాల్నంటే ఎట్ల?"

ఎట్లాగో అతనికి తొందరలోనే తెలిసింది. తల్లి పోతే మంథని వెళ్లాడు. అయిదో రోజున ఫోన్ వచ్చింది, లారీలు నిలబడిపోయాయని. దినాలు తమ్ముడికి అప్పజెప్పి బస్సెక్కాడు. జ్వరమొస్తే ఇంటికి జీపు వచ్చేది. మొదట్లో అందులో గొప్ప కనిపించేది, తను లేకపోతే డిపో కుంటిదని. గొప్ప రెండేళ్లలో అరిగిపోయింది. మిగిలింది గోనెసంచుల సీటు.

అలాంటివాడికి ఇప్పుడు వినాయక్ దొరికాడు. రాజురా పక్క ఊళ్లో తరాలుగా సేద్యం చేసుకునే తెలుగు వాళ్లు వాళ్లు. వినాయక్‌కు ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. చంద్రపూర్‌లో ఐటీఐ చదివి కొన్నాళ్లు జేసీబీ నడిపాడు. ఇంట్లో తెలుగే, కానీ చదువంతా మరాఠీలో సాగింది కాబట్టి పని మాటలన్నీ మరాఠీలోనే వస్తాయి. సదానందం పని నేర్చింది ఘుగ్గుస్‌లో ఒక హిందీ ఉస్తాద్ దగ్గర. అతని నోట పని మాటలు హిందీ, మిగతావి మంథని తెలుగు. ఇద్దరూ మాట్లాడుకునేది తెలుగేనని ఇద్దరూ అనుకునేవారు.

పదిరోజులు నేర్పాడు. వినాయక్ తల తొందరగానే పట్టుకుంది గానీ, చెయ్యి మాట వినలేదు. తొందర పడితే పాత అలవాటుకు పోయేది.

"కాకా, గుండు మీద గుర్తులు పెట్టుకుందామా? చూస్కుంట నడిపితే పది దినాలల్ల చేతికొస్తది," అన్నాడు.

సదానందం చెయ్యి నున్నటి గుండు మీదికి పోయింది. తను చెరిపినదాన్ని తనే మళ్లీ రాయించాలి. అయినా కుర్చీ కళ్లముందు తిరిగింది. సరే అన్నాడు.

దుర్గాపూర్‌లో భీమయ్యది లేతు షాపు. పాత గుండు నున్నగా, ముట్టుకుంటే జారేలా ఉంది. కొత్తది తీయమన్నాడు సదానందం. భీమయ్య మూల నుంచి సిల్వర్, అంటే అల్యూమినియం, ముద్ద ఒకటి తీసి లేతుకు బిగించాడు.

"లోపల చూడీ ఎంత?" అన్నాడు, రాడ్డుకు ఎక్కే మర గురించి.

"మూడు సూత్, భీమన్నా. పాత కాలం రాడ్డు."

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇప్పుడు వచ్చే సామానంతా మిల్లీమీటర్లే, సూత్‌లు ముసలి మిషన్లకే మిగిలాయి. మూడు సూత్ మర కోసే పనిముట్టు భీమయ్య దగ్గర ఉండేది. అది మొన్న విరిగింది.

"పది మిల్లీమీటర్లది కోస్త తమ్మీ. రెంటికి వెంట్రుకవాసి ఫరక్. ఎక్కుతది."

వెంట్రుకవాసే. ఇంకో రోజైతే సదానందం కుదరదనేవాడు. కుర్చీ తొందరలో ఉన్నాడు కాబట్టి ఫరవాలేదన్నాడు.

గుర్తులు ఎలా పెట్టాలన్నది తర్వాతి సంగతి. అంకెలు వేద్దామన్నాడు భీమయ్య. తెలుగు అంకెలు వినాయక్‌కు రావు, ఇంగ్లీషు అంకెలు చెక్కితే భీమయ్య చేతిలో మూడు ఎనిమిదవుతుంది. చివరికి చుక్కలు పెట్టారు. మొదటి గేరుకు ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, రివర్స్‌కు అడ్డగీత. ఎవరికైనా అర్థమవుతుందని సదానందం మురిసిపోయాడు. అక్షరమైతే తలకిందులైనప్పుడు మనకు తెలుస్తుంది. చుక్కకు తలా తోకా ఉండవు. ఈ సంగతి ఆ పూట ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

సాయంత్రం గుండు తెచ్చి రాడ్డుకు ఎక్కించాడు. ఎక్కింది, కానీ కొంచెం కదులుతోంది. అడుగుదాకా బిగిస్తే సరిపోతుంది. నడుము వంగక, అంత బలం తను పెట్టలేక, వినాయక్‌తో చెప్పాడు.

"పొద్దుగాల పైప్ పానా వెట్టి బిగించు. ఇంకింత ఆట ఉన్నది. ఆట పోయేదాక బిగించు. పోయినంక నాకు ఫోన్ చెయ్యి."

ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపాలి. సదానందం అన్న ఆట తెలుగు ఆట. వస్తువు వదులుగా ఉండి అటూ ఇటూ ఆడితే ఆట ఉందంటారు. బిగిస్తే ఆట పోతుంది. వినాయక్ విన్నది మరాఠీ ఆటె. సదానందం చూడీ అనేదాన్ని, అంటే లోపలి మరను, మరాఠీలో ఆటె అంటారు. మర ఉంది, మర పోయేదాకా బిగించు, పోయాక ఫోన్ చెయ్యి అని వినిపించింది అతనికి. బుద్ధున్న మెకానిక్ ఎవడూ చెప్పని మాట. కానీ మొదటి గేరు చోట రివర్స్ ఉన్న మిషన్ గురించి, దాన్ని ఇరవై రెండేళ్లు నడిపిన మనిషి చెబుతున్నాడు. ఈ మిషన్‌కు అన్నీ ఉల్టానే కదా అనుకున్నాడు వినాయక్. పెద్దమనిషిని రెట్టించి అడగడం బాగుండదని కూడా అనుకున్నాడు.

మర్నాడు ఉదయం సదానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కాంటా గదిలో కూర్చున్నాడు. కుర్చీని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి చూశాడు. ఎడమ కాలు ముందుకు చాపి టేబులు కింద పెట్టుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. ఇంతకన్నా సుఖం ఇంద్రుడికైనా ఉంటుందా అనిపించింది. తొమ్మిది గంటలకు ఫోన్ మోగింది. బయట రెండు లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి.

"కాకా, ఆటె పోయినయ్."

"పోయిందా? మంచిగైంది."

అవతల వినాయక్ వదులుగా తిరుగుతున్న గుండును ఇంకోసారి తిప్పి చూశాడు.

"పోయినా నడపాల్నా?"

"పోయినంకనే గద నడిపేది. నడుపు బిడ్డా, ఫికర్ చెయ్యకు."

వినాయక్ నడిపాడు. మెత్తటి సిల్వర్ లోపల మర మొత్తం గీసుకుపోయి, గుండు రాడ్డు మీద టోపీలా కూర్చుని ఉంది. మొదటి నాలుగు లారీలు బాగానే నిండాయి. గేరు మార్చినప్పుడల్లా గుండు అతని చేతిలో ఇంతింత తిరుగుతూ వచ్చింది. అయిదో లారీకి సగం చుట్టు తిరిగింది. కుడివైపు కింద ఉండాల్సిన రెండు చుక్కలు ఎడమవైపు పైకి వచ్చాయి. లోడర్ ముఖం బొగ్గు కుప్పకు, వీపు కాంటా గదికి ఉంది. కుప్ప ఎక్కడానికి రెండో గేరు కావాలి. వినాయక్ గుండు చూశాడు, రెండు చుక్కలు ఉన్న మూలకు రాడ్డు నెట్టాడు, ఎత్తుకు సరిపడా యాక్సిలరేటర్ తొక్కాడు.

సదానందం తెరిచిన తలుపులోంచి చూస్తూనే ఉన్నాడు. మిషన్ వీపు పెద్దదవుతోంది. ఇరవై రెండేళ్లలో దాని వెనక భాగాన్ని అతను ఇలా ఎదురుగా చూసింది లేదు. లేద్దామనుకున్నాడు, కాలు లేవలేదు. రేకుల గోడ తలుపుతో సహా లోపలికి మడుచుకుని వచ్చింది. టేబులు జరిగి అతని తొడల మీదికి వచ్చి ఆగింది. కుర్చీ వెనక గోడకు అంటుకుపోయింది. ఇంజన్ గుర్రుమని ఒకసారి ఊగి, ఆగిపోయింది.

దెబ్బలు పెద్దగా తగల్లేదు. కానీ కదలడానికి లేదు. ముందు టేబులు, వెనక గోడ, కిటికీకి ఇనుప చువ్వలు, తలుపు ఉన్న వైపు మిషన్. అడకత్తెరలో పోకచెక్క అంటారు చూశారా, అచ్చం అదే. టేబులు తియ్యాలంటే గోడ జరపాలి, గోడ జరపాలంటే మిషన్ ముందుకు పోవాలి. మిషన్‌ను ముందుకు నడపగల మనిషి లోపల ఉన్నాడు.

డ్రైవర్లు, హమాలీలు పరుగెత్తుకొచ్చారు. వినాయక్ సీటులోనే ఉన్నాడు గానీ, పదిరోజులు నేర్చిందంతా తలలో కలగాపులగమైంది. గుండు ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. ఈసారి కూడా వెనక్కే పోతే గది పచ్చడవుతుందని అందరికీ తెలుసు. ఒక్కరూ మిషన్ ముట్టుకోలేదు. సారయ్య అనే లారీ డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, "సదన్నా, ఏ గేర్ ఏడుందో నువ్వే చెప్పాలె," అన్నాడు.

పదకొండేళ్లు దాచిన సంగతి. సదానందం చువ్వల్లోంచి గొంతు చించుకుని అరిచాడు.

"గుండు పారెయ్యి వినాయక్. గుండు చూడకు. రాడ్డు ఎడమకు తీస్కో. తీస్కున్నవా? ఇగ నీ దిక్కు గుంజు. కిందికి. ఎడమ మీదిది రివర్స్, దాని దిక్కు పోకు. ఎడమ కింద మొదటిది. క్లచ్ మెల్లగ ఇడువు."

సారయ్య ఆ మాటలను ఒక్కొక్కటిగా మిషన్ దగ్గరికి మోశాడు. డిపో అంతా వింది. మిషన్ దగ్గింది, ఒకసారి ఊగింది, ముందుకు కదిలింది. రేకును గ్యాస్ కట్టర్‌తో కోసి, టేబులు లాగి, సదానందాన్ని రెక్కలు పట్టుకుని బయటికి తీసేసరికి గంటన్నర పట్టింది. ఇస్త్రీ చొక్కా బొగ్గు రంగుకు వచ్చింది.

మధ్యాహ్నం శేఠ్ వచ్చాడు. వినాయక్ చేతిలో గుండు పట్టుకుని నిలబడి, కళ్లనీళ్లతో చెప్పాడు.

"నేను చెప్పిన్నా లేదా కాకా? ఆటె పోయినయ్ అని చెప్పిన. పోయినా నడపాల్నా అని గూడ అడిగిన."

సదానందం గుండు తీసుకుని లోపలికి వేలు పెట్టి చూశాడు. నున్నగా ఉంది. ఆటె అంటే ఏమిటో వేలికి తెలిసింది. ఆ క్షణాన అతనికి వినాయక్ మీద కోపం రాలేదు, సిగ్గేసింది. ఇద్దరు పిల్లల తండ్రి, తన మాట నమ్మి తన మీదికే మిషన్ తెచ్చాడు. ఇక దాచకూడదనుకున్నాడు. తనకు వచ్చిన హిందీలో శేఠ్‌కు అంతా చెప్పేశాడు. తప్పు విన్నది తనేనని, వినాయక్‌ను పని తీసెయ్యొద్దని చెప్పాడు. అక్కడితో ఆగలేదు. పాత గుండు మీది గీతలు అరగదీసింది కూడా తనేనని చెప్పాడు. చెప్పి తల దించుకున్నాడు. పొమ్మంటే పోదామని, పొమ్మన్నా సరే ఒక బరువు దిగుతుందని అనుకున్నాడు.

శేఠ్‌కు కోపం రాలేదు. నవ్వు వచ్చింది.

"నాకు తెలుసు సదానందం," అన్నాడు. "ఆ మర్నాడే చూశాను. ఆకురాయి నిండా ఇనుప పొడి ఉంది, దాన్ని తుడవడం మర్చిపోయావు."

సదానందం తలెత్తాడు.

"మెకానిక్‌ను పిలిస్తే అరగంటలో మళ్లీ గీతలు చెక్కేవాడు. ఎందుకు పిలవాలి? ఇక్కడ ఆపరేటర్లు ఎవరూ రెండేళ్లకు మించి ఉండరు. నువ్వు ఎక్కడికీ పోకుండా నిన్ను నువ్వే కట్టేసుకున్నావు. నేనెందుకు విప్పుతాను?"

చుట్టూ నిలబడిన డ్రైవర్లలో ఎవరో నవ్వారు. సదానందానికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పదకొండేళ్లు శేఠ్‌ను మోసం చేశానని భయపడ్డాడు. భయపడిన రోజులన్నీ వృథా. తల్లి దినాలు వదిలి బస్సెక్కిన రోజు కూడా వృథా. మోసపోయింది తనొక్కడే.

"గేర్లు ఎక్కడున్నాయో ఇప్పుడు అందరూ విన్నారు," అన్నాడు శేఠ్, జనం వైపు తిరిగి. "ఎవరైనా ఎక్కుతారా?"

వంగిన రేకుల వైపు చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. వినాయక్ మిషన్ వైపు చూడనే లేదు.

శేఠ్‌కు పని ముఖ్యం. అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. కొత్త కాంటా గది వారంలో కట్టిస్తానన్నాడు. ఈసారి అందులో కంప్యూటర్ పెడతాడట. దానికి చదువుకున్నవాడు కావాలి కాబట్టి వినాయక్ కూర్చుంటాడని చెప్పాడు. వినాయక్ ఉద్యోగం పోలేదని సదానందం సంతోషించాలి. తను అడిగింది అదే కదా. సంతోషిద్దామని గట్టిగానే ప్రయత్నించాడు.

"కాకా, నేనడగలె ఆ కుర్చీ," అన్నాడు వినాయక్, ఎవరికీ వినిపించకుండా.

"నాకెర్కే బిడ్డా. కూసో."

గేటు బయట తొమ్మిది లారీలు వరుస కట్టి హారన్లు కొడుతున్నాయి. సారయ్య సదానందం చెయ్యి పట్టుకుని లోడర్ మెట్టు ఎక్కించాడు. సదానందం గోనెసంచుల మీద సర్దుకుని కూర్చున్నాడు. గుండు లేని రాడ్డు కొన అరచేతిలో గుచ్చుకుంది. ఇంజన్ స్టార్ట్ చేసి ఎడమ కాలు లేపబోయాడు. అది లేవలేదు. రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, కాలిని ఎత్తి, తీసుకెళ్లి క్లచ్ మీద పెట్టుకున్నాడు.